తాటిచెట్టు కింద పాలు: మత్తు చట్టాల చరిత్రలో నింద నడిచిన దారి

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని తెలుగులో ఒక సామెత ఉంది. పెద్దలు దీన్ని సాధారణంగా బుద్ధి చెప్పడానికి వాడతారు: అనుమానం వచ్చే చోట నిలబడకు అని. చరిత్ర చదివేవారు మాత్రం ఈ సామెతను ఇంకో వైపు నుంచి చూడవలసి ఉంటుంది. ఆ చెట్టు మీద పన్ను ఎవరు వేశారు? దాని కింద దుకాణం పెట్టుకోవడానికి పాట పాడి అనుమతి ఇచ్చింది ఎవరు? చివరికి ముంత పట్టుకున్నవాడిని మాత్రమే సాక్ష్యం అడగడం ఎందుకు?

మత్తు పదార్థాల విషయంలో ప్రభుత్వాల విధానం ఎప్పుడూ రెండు నాలుకలతో మాట్లాడుతూ వచ్చింది. ఒక చేత్తో అమ్మి, రెండో చేత్తో శిక్షించడం ఈ నాటి వింత కాదు. నూట యాభై ఏళ్లుగా ఉన్నదే. ఈ వ్యాసంలో తెలుగువారికి దగ్గర సంబంధం ఉన్న కొన్ని ఘట్టాలను వరుసగా చూద్దాం. వీటన్నిటిలోనూ ఒక విషయం సమానంగా కనబడుతుంది. ఏది నిషిద్ధం, ఏది అనుమతం అన్న గీతను ఆ పదార్థం చేసే హాని ఒక్కటే నిర్ణయించలేదు; ఆదాయం, అధికారం ఎక్కువగా నిర్ణయించాయి. ఆ గీత దాటిన నింద మాత్రం ప్రతిసారీ వరుసలో చివర ఉన్న బలహీనుడి మీద పడింది.

1. చిగురు పన్ను

1879 మార్చిలో అప్పటి గోదావరి జిల్లాలోని రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. చోడవరం చుట్టుపక్కల మొదలై, విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. అమ్మల్‌రెడ్డి, తమ్మన్నదొర వంటి నాయకుల పేర్లు ఈ సందర్భంలో వినబడతాయి. ప్రభుత్వ కాగితాల్లో దీనికి పెట్టిన పేరు 'రంప ఫితూరీ'. ఆ మాటలోనే తీర్పు ఉంది: కొండవాళ్లు కలహం చేశారు, కనుక తప్పు కొండవాళ్లది.

అసలు జరిగింది వేరు. కొండ ప్రజలకు తాటి కల్లు, జీలుగు కల్లు కేవలం విలాసం కాదు. ఏడాదిలో కొన్ని నెలలు, గింజలు అడుగంటిన రోజుల్లో, అది ఆకలి తీర్చే వస్తువు. పెళ్లికీ, చావుకూ, పండుగకూ కావలసిన వస్తువు. ఇంటి చెట్టు గీసుకుని తాగడానికి ఎవరినీ అడగవలసిన అవసరం ఉండేది కాదు. రంప మన్సబుదారు దాని మీద 'చిగురు పన్ను' వసూలు చేయడం మొదలుపెట్టాడు. ఆ పైన మద్రాసు ప్రభుత్వపు కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి అవసరానికి సైతం కల్లు గీయకూడదన్నారు. కల్లు మీద హక్కును మైదానం నుంచి వచ్చిన కంట్రాక్టర్లకు కౌలుకిచ్చారు. దీనికి తోడు మైదానపు వర్తకులు కొండవారి చేత అర్థంకాని పత్రాలు రాయించుకుని, దూరాన ఉన్న కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని పశువులనూ ధాన్యాన్నీ జప్తు చేయించేవారు. పోలీసుల బలవంతపు వసూళ్లు సరేసరి.

ఇక్కడ గమనించవలసినది, ప్రభుత్వం కల్లును చెడ్డదని ఆపలేదు. అదే కల్లును అదే కొండల్లో కంట్రాక్టరు అమ్మవచ్చు. నిన్నటి దాకా చెట్టు ఉన్నవాడు గీసుకుని తాగినది నేడు నేరమైంది. కొనుక్కుని తాగితే నేరం కాదు. అంటే నేరం తాగడంలో లేదు, పన్ను కట్టకుండా తాగడంలో ఉంది.

తిరుగుబాటును అణచడానికి సైన్యాన్ని దించవలసి వచ్చింది. 1880లో తమ్మన్నదొర చనిపోయాడు. విచారణకు వచ్చిన ఉన్నతాధికారులు మన్సబుదారు పన్నులనూ, అబ్కారీ నిబంధనలనూ అసలు కారణాలుగా ఒప్పుకున్నారు. మన్సబుదారును తొలగించి ముఠాదార్లతో ప్రభుత్వమే నేరుగా వ్యవహరించడం మొదలుపెట్టింది. కారణం ప్రభుత్వ విధానంలోనే ఉందని అధికారులే రాసినా, చరిత్రలో పేరు మాత్రం 'ఫితూరీ'గానే నిలిచింది. నింద ఒకసారి పేరుగా మారాక దాన్ని తుడవడం కష్టం.

2. 'కారణం' అనే గడి

కల్లు నుంచి గంజాయికి వద్దాం. 1893లో బ్రిటిషు పార్లమెంటు కామన్స్ సభలో, మద్యపాన వ్యతిరేకి అయిన డబ్ల్యు. ఎస్. కేన్ అనే సభ్యుడు బెంగాల్‌లో గంజాయి వాడకం, దాని వల్ల ప్రజలకు కలిగే నైతిక పతనం గురించి ప్రశ్న లేవదీశాడు. దాని ఫలితంగా భారత ప్రభుత్వం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల విచారణ సంఘాన్ని నియమించింది. వారిలో ముగ్గురు భారతీయులు. సంఘం 1,193 మంది సాక్షులను విచారించి 1894లో అనేక సంపుటాల నివేదిక ఇచ్చింది.

అప్పట్లో బలంగా ఉన్న నమ్మకం, గంజాయి తాగితే పిచ్చి పడుతుందని. దానికి సాక్ష్యంగా ప్రభుత్వ పిచ్చాసుపత్రుల లెక్కలు చూపేవారు. సంఘం ఆ లెక్కల దగ్గర ఆగకుండా, అవి ఎలా తయారయ్యాయో వెతికింది. 1892లో గంజాయి వల్ల పిచ్చి పట్టిందని రాసిన 222 కేసులను ఒక్కొక్కటిగా తిరగేసింది. వాటిలో 98 మాత్రమే కొంతైనా నిలబడ్డాయి. వాటిలోనూ కొన్నిట్లో వేరే కారణాలు కలిసి ఉన్నాయి. సగానికి పైగా కేసుల్లో గంజాయికీ ఆ పిచ్చికీ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారమే లేదు.

మరి ఆ రిజిస్టర్లలో గంజాయి అని ఎవరు రాశారు? రోగిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఒక ఫారం నింపాలి. అందులో 'పిచ్చికి కారణం' అనే గడి ఉంటుంది. ఎక్కువ సందర్భాల్లో రోగిని తెచ్చేది పోలీసులు. అతడు వీధిలో తిరిగే బైరాగో, దిక్కులేని బిచ్చగాడో అవుతాడు. గడి ఖాళీగా వదలడానికి లేదు. మనిషి గంజాయి తాగేవాడని తెలిసినా, తాగి ఉంటాడని అనిపించినా, ఆ గడిలో గంజాయి అని రాసేవారు. తరువాత ఆసుపత్రి దాన్నే తన వార్షిక నివేదికలోకి ఎక్కించేది. ఏటా పేరుకున్న ఆ నివేదికలు చివరికి పార్లమెంటులో శాస్త్రీయ సాక్ష్యమయ్యాయి.

మత్తు పదార్థాల చరిత్రలో ఇంతకంటే బోధపరిచే ఘట్టం మరొకటి లేదని నా అభిప్రాయం. గడి ముందు పుట్టింది, జవాబు తరువాత వచ్చింది. ఆకలి, జ్వరం, వంశంలో ఉన్న జబ్బు, అప్పుల బాధ, ఇల్లు విడిచిన దుఃఖం ఇవేవీ పోలీసు కంటికి కనబడవు. చిలుం కనబడుతుంది. కనబడిన వస్తువు కారణమైపోతుంది. నేటికీ ఒక హత్య జరిగినా, రోడ్డు ప్రమాదం జరిగినా, పత్రికల్లో ముందుగా వచ్చే మాట 'మద్యం మత్తులో', 'గంజాయి మత్తులో' అన్నదే. అది కొన్నిసార్లు నిజం. ప్రతిసారీ నిజమా అని అడగడం మన పని.

ఆ సంఘం మితంగా వాడితే గంజాయి పెద్దగా హాని చేయదని, అమితంగా వాడితే చేస్తుందని తేల్చి, పూర్తి నిషేధం వద్దని, పన్ను, లైసెన్సుల ద్వారా అదుపు చేయమని సిఫారసు చేసింది. ఈ సలహా ఖజానాకు కూడా అనుకూలమైనదే అన్న సంగతి మరవకూడదు. మన ప్రాంతానికి దీనితో నేరుగా సంబంధం ఉంది. మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేరుపడ్డ చోట్లలో ఒకటి అప్పటి కృష్ణా జిల్లాలో, బాపట్ల వైపున ఉన్న దగ్గుబాడు ప్రాంతం. అంటే కోస్తా రైతు సర్కారు ఎరుకలోనే గంజాయి పండించి అమ్మిన రోజులున్నాయి. అతడిని ఎవరూ నేరస్థుడనలేదు.

3. సారా డబ్బుతో బడి

1886 మద్రాసు అబ్కారీ చట్టం తరువాత చెట్టు పన్ను, దుకాణాల పాటలు, డిస్టిలరీ సుంకాలు ఒక క్రమంలోకి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల నాటికి మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తరువాత చెప్పుకోదగ్గ ఆదాయం అబ్కారీదే. 1919 సంస్కరణల ప్రకారం విద్య, అబ్కారీ రెండూ మంత్రుల చేతికి వచ్చాయి. దానితో ఒక చిత్రమైన చిక్కు ఏర్పడింది. పిల్లలకు బడులు పెట్టాలంటే డబ్బు కావాలి; ఆ డబ్బు వాళ్ల తండ్రులు తాగే సారా మీద వస్తుంది. పిల్లల చదువును తాగుడు ఆదాయానికి ముడివేయడాన్ని గాంధీజీ 1937లో గట్టిగా తప్పుబట్టారు.

ఆ ఏడాది మద్రాసులో ప్రధానమంత్రి అయిన రాజాజీ, అక్టోబరు 1న తన సొంత జిల్లా సేలంలో మద్యనిషేధం ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకూ అది వచ్చింది. పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. మనం నేడు కొట్లో ఏ వస్తువు కొన్నా కట్టే పన్నుకు మూలాల్లో ఒకటి ఈ మద్యనిషేధంలో ఉంది. ఆ పన్ను మిగిలింది, నిషేధం పోయింది. యుద్ధకాలంలో నిషేధం ఎత్తివేసి, స్వాతంత్ర్యం తరువాత 1948 నాటికి మళ్లీ రాజధాని అంతటా అమలు చేశారు.

నిషేధం తెచ్చినవారి ఉద్దేశం మంచిదే. కూలి డబ్బు ఇంటికి చేరిన కుటుంబాలు ఉన్నాయనడంలో సందేహం లేదు. కాని నిషేధపు బరువు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. కోస్తాలోనూ రాయలసీమలోనూ చెట్టెక్కి బతికే ఈడిగ, గౌడ, శెట్టిబలిజ, యాత కులాలవారికి ఒక్కసారిగా వృత్తి పోయింది. తాతల నాటి మోకు, కత్తి పట్టుకున్నందుకు కేసులు పెట్టారు. గీత పనివారికి ప్రత్యామ్నాయం చూపకుండా వృత్తిని నేరం చేయడం మీద గౌతు లచ్చన్నగారు 1954లో సత్యాగ్రహం నడిపారు. అదే సమయంలో ఎస్. వి. రామమూర్తి అధ్యక్షతన వేసిన సంఘం ఆంధ్ర రాష్ట్రంలో నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. 1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. కొత్త రాష్ట్రపు తొలి మంత్రివర్గం కల్లు ప్రశ్న మీద కూలిందని చెప్పవచ్చు.

1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నిజాం రాజ్యంలో అబ్కారీ ప్రధాన ఆదాయ వనరు; అక్కడ నిషేధం లేదు. అందువల్ల కొన్నేళ్లపాటు ఒకే రాష్ట్రంలో, ఒకే భాష మాట్లాడే రెండు గ్రామాల మధ్య, ఒకదానిలో నేరమైనది రెండోదానిలో సర్కారు వ్యాపారంగా సాగింది. 1968లో కొత్త ఎక్సైజు చట్టం రావడంతో, ఆ తరువాత కోస్తా, సీమల్లో నిషేధం సడలిపోవడంతో ఆ తేడా తీరింది. నిషేధం నిలవనప్పుడు 'జనం మారరు' అన్నారు. ఖజానా మారలేదని అన్నవారు తక్కువ.

4. దూబగుంట అడిగిన ప్రశ్న

ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 812 కోట్లు. ఈ మధ్యలో సారా పాటలు, వాటి చుట్టూ ఎదిగిన కంట్రాక్టర్లు, వారి రాజకీయ పలుకుబడి అన్నీ వచ్చాయి. 1980 దశకంలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి పంపింది. మారుమూల పల్లెకు మంచినీళ్లు చేరకపోయినా సారా ప్యాకెట్ చేరేది. అదే కాలంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా నడిచింది. భార్యకు ఇచ్చిన రాయితీని భర్త దగ్గర దుకాణంలో తిరిగి రాబట్టుకున్నట్టయింది.

అప్పటి వరకు సమాజం చెప్పిన నీతి ఒకటే: మగవాడు చెడిపోయాడు, ఇల్లాలు సర్దుకుపోవాలి. ఈ నీతిని మార్చినవారు నెల్లూరు జిల్లా స్త్రీలు. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు, తాగుడు వల్ల ఛిద్రమైన ఒక కుటుంబం కథను పాఠంగా చదువుకున్నారు. అది తమ కథే అనుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివారు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ అనుభవం మరో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా అల్లుకుంది. సారా పాటలు జరగకుండా స్త్రీలు అడ్డుపడ్డారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి.

ఈ ఉద్యమాన్ని మద్య వ్యతిరేక ఉద్యమమని మాత్రమే అనడం సరిపోదు. నింద దిశను మార్చిన ఉద్యమం అది. తాగినవాడిని దండించమని వాళ్లు పోలీసు స్టేషనుకు పోలేదని కాదు. ఊళ్లలో తాగినవారిని నలుగురిలో నిలదీశారు కూడా. కాని ప్రధానంగా వాళ్లు పోయింది పాట జరిగే కలెక్టరు కచేరీకి. మా ఊరికి సారా ఎవరు పంపుతున్నారు, ఎవరి లాభానికి, అని అడిగారు. నూరేళ్ల కింద ఆసుపత్రి ఫారంలో పోలీసు నింపిన గడిని నెల్లూరు ఆడవాళ్లు కొట్టివేసి, 'కారణం' దగ్గర ప్రభుత్వం పేరు రాశారు. రాయడం అప్పుడప్పుడే నేర్చుకున్నవాళ్లు రాసిన జవాబు అది.

ప్రభుత్వం దిగివచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎన్. టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. ప్యాకెట్ సారా పంపిన పార్టీయే మద్యనిషేధం తెచ్చిన పార్టీ కూడా అయింది. స్త్రీల ఉద్యమం ఆ మలుపును తప్పనిసరి చేసింది.

5. సరిహద్దు మీద నింద

ఈ పత్రిక చదివే విద్యార్థులకు బాగా దగ్గరైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. 1995 నుంచి 1997 వరకు ఆంధ్రప్రదేశ్ ఎండగా, చుట్టూ ఉన్న రాష్ట్రాలు తడిగా ఉన్నాయి. కర్ణాటక, తమిళనాడు, ఒరిస్సా, మహారాష్ట్ర సరిహద్దులన్నీ సారాకు, బ్రాందీకి దారులయ్యాయి. వీటిలో యానాం సంగతి ప్రత్యేకమైనది. గోదావరి ఒడ్డున, చుట్టూ అప్పటి తూర్పు గోదావరి జిల్లా పల్లెలు ఉండగా, ముప్పై చదరపు కిలోమీటర్ల ఆ తెలుగు గడ్డ పుదుచ్చేరి కింద ఉంటుంది. అక్కడ నిషేధం లేదు.

యానాం ఇలాంటి తేడాను అంతకుముందూ చూసింది. బ్రిటిషిండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాలను అడ్డుకున్నప్పుడు, ఫ్రెంచి పాలనలో ఉన్న యానానికి వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. దానికి 'కల్యాణపురం' అనే పేరు కూడా వచ్చింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ గోదావరి జిల్లాలవారే, పురోహితుడూ అక్కడివాడే. పేరు మాత్రం యానాముకు. మద్యనిషేధం రోజుల్లో అదే జరిగింది. తాగేవారు ఆంధ్ర నుంచి వచ్చారు, డబ్బు ఆంధ్ర నుంచి వచ్చింది, దొంగరవాణాను చూసీచూడనట్టు వదిలిన చేతులూ ఆంధ్రలోనే ఉన్నాయి. అపకీర్తి సరిహద్దు ఇవతల ఊరిది.

1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. అంతకుముందే, 1996లో, రెండు రూపాయల బియ్యం ధర మూడున్నరకు పెరిగింది. సడలింపుకు చెప్పిన కారణాల్లో పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణా ముఖ్యమైనది, ఆదాయం పోవడం రెండోది. సడలింపులో ఇంకో విశేషం ఉంది. తిరిగి వచ్చింది సీసాలో అమ్మే బ్రాందీ, విస్కీలు. పేదవాడి సారా మీద నిషేధం అలాగే ఉండిపోయింది. హాని దృష్టితో గీసిన గీత అయితే ఇలా పడదు.

మీ మీ ప్రాంతాల్లో కూడా ఈ గీత ఎలా పడిందో చూసుకోవచ్చు. తమిళనాడులో 1987 నుంచి కల్లు గీత నిషిద్ధం. 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ స్వయంగా బ్రాందీ దుకాణాలు నడుపుతోంది. తాటిచెట్టు ఆ రాష్ట్రానికి అధికారిక వృక్షం. దాన్ని గీసి కల్లు దించితే నేరం, ఫ్యాక్టరీలో తయారైన సీసా అమ్మితే ప్రభుత్వ సేవ. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో కల్తీసారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది కూలీలు. కర్ణాటకలో 2007 జూలై 1 నుంచి సారా నిషిద్ధం, బ్రాందీ యథాతథం. మహారాష్ట్రలో 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం పేరు మార్చుకుని నేటికీ కొనసాగుతోంది. ఆ చట్టం ప్రకారం తాగేవాడికి అనుమతి పత్రం ఉండాలి. షోలాపూరు నేతపనివాడి దగ్గరా, కామాటిపురా కూలీ దగ్గరా ఆ కాగితం ఉండదు. పెద్ద హోటలులో కూర్చున్నవాడిని దాన్ని చూపమని గట్టిగా అడిగేవారు అరుదు.

6. మళ్లీ అవే కొండలు

1961 అంతర్జాతీయ ఒడంబడిక గంజాయిని నల్లమందుతో కలిపి నియంత్రణలోకి తెచ్చింది. వైద్యేతర వాడకాన్ని మాన్పించడానికి 25 ఏళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరే ముందు, 1985లో భారత ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం చేసింది. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు లైసెన్సుతో నడుస్తాయి. పండుగనాడు గ్లాసులో పోసుకున్న ఆకు ఆచారం. అదే మొక్క కొసను చిలుంలో వేస్తే నేరం. 1894 సంఘం మితం, అమితం అన్న తేడా చూసింది. 1985 చట్టం మొక్కలో ఏ భాగమన్నది చూసింది. 2001 సవరణ తూకం చూసింది: గంజాయి ఒక కిలో వరకు చిన్న మొత్తం, ఇరవై కిలోల పైన వ్యాపార మొత్తం, దానికి కనీసం పదేళ్ల శిక్ష.

ఇప్పుడు రంప, గొలుగొండ కొండల వైపు మళ్లీ చూద్దాం. విశాఖ మన్యంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ కొండల్లోనూ గంజాయి సాగు వ్యాపించింది. విత్తనం, పెట్టుబడి ఇచ్చేది బయటి వ్యాపారి. పంట చేరేది దూరపు నగరాలకు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలను నరికి తగులబెట్టారు. చట్టంలో పెట్టుబడి పెట్టినవాడిని శిక్షించే సెక్షను ఉంది. అయితే తూకం వేయడానికి వీలైనది మోపు మాత్రమే. మోపు ఎవరి నెత్తి మీద ఉంటే కేసు వారి మీద. పెట్టుబడిదారు నెత్తి మీద ఏ మోపూ ఉండదు.

గంజాయి వల్ల హాని లేదని ఇక్కడ వాదించడం లేదు. నగరాల్లో కుర్రవాళ్లు దాని పాలవుతున్నారన్నది తల్లిదండ్రుల నిజమైన దుఃఖం. అడగవలసిన ప్రశ్న వేరు. 1879లో కొండవాడు సొంత చెట్టు గీసినందుకు నేరస్థుడయ్యాడు, బయటి కంట్రాక్టరు చట్టబద్ధుడయ్యాడు. నేడు కొండవాడు బయటివాడి పంట వేసి నేరస్థుడవుతున్నాడు, బయటివాడు కనబడకుండా పోతున్నాడు. పదార్థం మారింది, చట్టం తలకిందులైంది. నింద పడిన చోటు మాత్రం మారలేదు.

మద్యం విషయంలోనూ విధానం ఊగుతూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి ఇచ్చింది. దశలవారీ నిషేధమని ఒకరు, నాణ్యమైన సరుకని మరొకరు అన్నారు. రెండు మాటల వెనకా ఉన్న ఆదాయపు అంకె ఒక్కటే.

ఈ చరిత్రలో ఇంకా రాయవలసిన భాగం హెచ్చు, దాన్ని రాయగలవారు సరిహద్దుల్లో ఉన్న మీరే. హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, షోలాపూరు, యానాం వంటి ఊళ్లలో తెలుగువారు రెండు చట్టాలను ఒకే జీవితకాలంలో చూశారు. గీత వృత్తి వదిలిన కుటుంబాలున్నాయి, సరిహద్దు దుకాణంలో పనిచేసినవారున్నారు, ఆ దుకాణం వల్ల ఇల్లు గుల్లయిన స్త్రీలున్నారు. వారి మాటలు ఏ గెజిటీరులోనూ లేవు. పాత పోలీసు రికార్డు, ఎక్సైజు నివేదిక, ఆసుపత్రి పుస్తకం మీ చేతికి వచ్చినప్పుడు అందులో 'కారణం' అన్న గడిని ముందుగా చూడండి. తరువాత ఆ గడిని నింపిన చేయి ఎవరిదో వెతకండి. ఆ చేతికి జీతం ఏ ఆదాయం నుంచి వచ్చేదో కూడా వెతకండి. అప్పుడు తాటిచెట్టు కింద కూర్చున్నవాడు తాగింది పాలో కల్లో తేల్చడం కంటే ముఖ్యమైన పని ఒకటి మీ ముందు ఉంటుంది.